సూర్యాపేటలో ఎండ కాస్తే సూర్యలంకలో అల తగ్గదు: బీచ్‌కి బయల్దేరే ముందు సముద్రం అంచనా ఎలా చూడాలి?

శనివారం రాత్రి ఫ్రెండ్స్ గ్రూప్‌లో ప్లాన్ ఖాయమైంది. తెల్లవారుజామున సూర్యాపేటలో బయల్దేరాలి, కోదాడలో ఇద్దర్ని ఎక్కించుకోవాలి, మధ్యాహ్నానికల్లా బీచ్‌లో ఉండాలి. ఫోన్‌లో వెదర్ చూస్తే సూర్యుడి బొమ్మ, వాన అవకాశం సున్నా. ఇక అడ్డేముంది అనుకుంటారు. కానీ ఆ బొమ్మ చెప్పింది మీ ఊరి ఆకాశం గురించి. సముద్రం గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

బీచ్ ప్రమాదాల వార్తలు రాసే మా డెస్క్‌లో ఒక వాక్యం అందరికీ అలవాటైపోయింది: 'ఒక్కసారిగా వచ్చిన పెద్ద అల లాక్కెళ్లింది'. అలా రాసేస్తాం, మీరూ చదివేస్తారు. నిజానికి ఆ అలల్లో చాలావరకు ఒక్కసారిగా పుట్టుకొచ్చేవి కావు. కొన్ని రోజుల ముందే ఎక్కడో బయల్దేరి ఉంటాయి. అవి ఎప్పుడు వస్తాయో, ఎంత ఎత్తుంటాయో లెక్కగట్టే ప్రభుత్వ కార్యాలయం ఒకటుంది. అది మన హైదరాబాద్‌లోనే ఉంది. తీరమే లేని తెలంగాణలో కూర్చుని దేశం మొత్తం తీరానికి సముద్రం ఎలా ఉండబోతోందో చెబుతోంది.

ఎవరు చెబుతారు?

ఆ సంస్థ పేరు ఇన్‌కాయిస్. భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం అని పూర్తి పేరు. 1999లో ఏర్పాటైంది, కేంద్ర భూవిజ్ఞాన శాఖ కింద పనిచేస్తుంది. ఆఫీసు నిజాంపేట దగ్గర ప్రగతినగర్‌లో ఉంది. మత్స్యకారులకు చేపలు దొరికే చోట్లు చెప్పడం, సునామీ హెచ్చరికలు ఇవ్వడం, రానున్న రోజుల్లో అలల ఎత్తు, గాలి, ప్రవాహాలు ఎలా ఉంటాయో అంచనా వేయడం దీని పనులు. సునామీ హెచ్చరిక కేంద్రం ఇక్కడ 2007 నుంచి నడుస్తోంది.

వాతావరణ శాఖ, అంటే ఐఎండీ, వేరు. సూర్యాపేట, నల్లగొండ జిల్లాలకు వచ్చే ఎల్లో, ఆరెంజ్ అలర్ట్‌లు ఐఎండీ హైదరాబాద్ కేంద్రం ఇస్తుంది. బాపట్ల, కృష్ణా జిల్లాలవి అమరావతి కేంద్రం నుంచి వస్తాయి. తుపాను వస్తే విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం రంగంలోకి దిగుతుంది. మీ ఫోన్ మీరున్న చోటు చూసి తెలంగాణ అలర్ట్ చూపిస్తుంది. మీరు వెళ్లేది మాత్రం వేరే కేంద్రం పరిధిలోకి. అందుకని ఐఎండీ 'మౌసమ్' యాప్‌లో మీ ఊరితో సరిపెట్టుకోకుండా బాపట్లో, మచిలీపట్నమో వెతికి చూడండి. అలల కోసం ఇన్‌కాయిస్ వెబ్‌సైట్ గానీ, వాళ్ల 'సముద్ర' యాప్ గానీ చూడాలి. ఈ రెండూ ఉచితమే.

ఎండ కాస్తుంటే అలలెందుకు?

సముద్రంలో అలలు రెండు రకాలు. మొదటిది అక్కడి గాలికి అక్కడే పుట్టే అల. గాలి ఆగితే కాసేపటికి అదీ తగ్గుతుంది. దాన్ని ఒడ్డున నిలబడి చూసి అంచనా వేయొచ్చు. రెండోది స్వెల్. ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలో, హిందూ మహాసముద్రం దక్షిణ భాగంలో తుపాను లాంటి గాలులు వీచినప్పుడు పుట్టి, గాలి ఆగిపోయినా ప్రయాణిస్తూనే ఉండే అల ఇది.

స్వెల్ ఎంత వేగంతో వస్తుంది? ఒక అల వెళ్లాక తర్వాతి అల రావడానికి 15 సెకన్లు పడుతుంటే, ఆ అలల గుంపు గంటకు దాదాపు 42 కిలోమీటర్లు నడుస్తుంది. హైవే మీద ట్రాఫిక్‌లో చిక్కుకున్న పల్లెవెలుగు బస్సు వేగమనుకోండి. కాకపోతే ఈ బస్సు ఎక్కడా ఆగదు. రోజుకు వెయ్యి కిలోమీటర్లు. అలా ఐదారు రోజులు ప్రయాణించి మన తీరానికి చేరేసరికి ఇక్కడ ఆకాశంలో మబ్బు ఉండాల్సిన పనిలేదు, ఆకు కదలాల్సిన పనీ లేదు. బంగాళాఖాతం దక్షిణం వైపు తెరిచే ఉంటుంది. శ్రీలంక కొంత అడ్డుకున్నా పూర్తిగా ఆపలేదు.

కేరళ తీరంలో దీనికి ఎప్పట్నుంచో ఒక పేరుంది: కల్లక్కడల్. దొంగ సముద్రం అని అర్థం. ముందస్తు సూచన లేకుండా దొంగలా వచ్చి ఊళ్లోకి నీళ్లు నెడుతుంది కాబట్టి ఆ పేరు. 2012లో యునెస్కో కూడా ఈ పదాన్ని గుర్తించింది.

2024 మే 6న కన్యాకుమారి జిల్లా లెమూర్ బీచ్‌లో ఐదుగురు వైద్య విద్యార్థులు కొట్టుకుపోయి చనిపోయారు. ఆ రోజు అక్కడ తుపాను లేదు. కల్లక్కడల్ ఉంది. తీరప్రాంతాల్లో జాగ్రత్తగా ఉండాలని ఇన్‌కాయిస్ అంతకు ముందే హెచ్చరిక ఇచ్చింది. అది అధికారుల దాకా వెళ్లింది, మత్స్యకారులకు చేరింది. బీచ్‌కి సరదాగా వచ్చేవాళ్ల ఫోన్లకు చేరే దారి ఇప్పటికీ సరిగ్గా లేదు. హెచ్చరిక మీ దగ్గరికి వస్తుందని ఎదురుచూడకుండా మీరే వెళ్లి చూడాల్సి రావడానికి కారణం ఇదే.

మన దగ్గరి తీరాల్లోనూ ఇలాంటి కబుర్లు తక్కువేం కాదు. 2022 అక్టోబరులో విజయవాడ నుంచి సూర్యలంక వెళ్లిన విద్యార్థులు, 2024 జూన్‌లో చీరాల దగ్గరి రామాపురం తీరానికి వెళ్లిన యువకులు తిరిగి రాలేదు. వీళ్లంతా తీరం పక్కన పెరిగినవాళ్లు కాదు, బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి వెళ్లే మనమూ ఆ లెక్కలోకే వస్తాం.

యాప్‌లో ఏం చూడాలి?

ముందుగా రంగు. ఇన్‌కాయిస్ అలల హెచ్చరికల్లో ఆకుపచ్చ అంటే ముప్పు లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే అప్రమత్తం, ఎరుపు అంటే ప్రమాదం. జిల్లా పేరు, తీరంలో ఎక్కడి నుంచి ఎక్కడి వరకు, ఏ తేదీ ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా అన్నది కూడా ఉంటుంది. ఆ సమయం తప్పకుండా చదవండి. ఉదయం ఖాళీగా కనిపించిన తీరానికి సాయంత్రం హెచ్చరిక ఉండొచ్చు.

తర్వాత అంకెలు. వీటి దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది తప్పుగా చదివేది వీటినే.

అల ఎత్తు 1.5 మీటర్లు అని ఉందనుకోండి. వచ్చే ప్రతి అలా మీటరున్నర ఉంటుందని కాదు. అన్నిటికన్నా పెద్దగా ఉండే మూడో వంతు అలలను తీసుకుని, వాటి సగటు చెబుతారు. అంటే మధ్యమధ్యలో అంతకన్నా పెద్దవి వస్తాయి. ఎక్కువసేపు నిలబడితే దానికి దాదాపు రెట్టింపు, అంటే 3 మీటర్ల అల కూడా ఒకటి కనిపించొచ్చు. అయితే ఈ అంకె ఒడ్డుకు దూరంగా, లోతు నీళ్లలో ఉండే అలది. ఒడ్డు దగ్గర అడుగు వాలును బట్టి మారుతుంది.

ఎత్తు పక్కనే సెకన్లలో ఇంకో అంకె ఉంటుంది. దాన్ని పీరియడ్ అంటారు. ఒక అల శిఖరానికి, తర్వాతి అల శిఖరానికి మధ్య పట్టే సమయం. మా లెక్కలో ఎత్తు కన్నా ముందు దీన్నే చూడాలి. ఎత్తు ఒక్క మీటరే అయినా, 5 సెకన్ల అల కన్నా 15 సెకన్ల అల మూడు రెట్లు ఎక్కువ శక్తి మోసుకొస్తుంది. 5, 6 సెకన్లంటే అక్కడి గాలికి లేచిన చిన్న గజిబిజి. 12 దాటిందంటే దూరం నుంచి వచ్చిన స్వెల్. అది లోతులో ఉన్నంతసేపూ కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. ఒడ్డు దగ్గర నీళ్లు పలచబడేసరికి లేచి నిలబడి, చాలా నీటిని ఒడ్డు మీదకు నెట్టి, అంతే బలంగా వెనక్కి లాగుతుంది.

స్వెల్‌కి ఇంకో గుణం ఉంది. గుంపులుగా వస్తుంది. ఐదారు పెద్ద అలలు వచ్చాక కొన్ని నిమిషాలు సముద్రం చల్లబడినట్టు ఉంటుంది. సరిగ్గా ఆ విరామంలోనే 'ఏం లేదు, దిగుదాం' అని జనం లోపలికి నడుస్తారు. బీచ్‌కి చేరగానే చెప్పులు విప్పకుండా ఒక పావుగంట ఊరికే కూర్చుని చూడమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. టీ తాగడానికి ఆ టైమ్ సరిపోతుంది కూడా.

ఐఎండీ బులెటిన్‌లో సముద్రం 'అల్లకల్లోలంగా' ఉంటుందని చదివే ఉంటారు. దానికీ కొలత ఉంది. అలల ఎత్తు 1.25 నుంచి 2.5 మీటర్ల మధ్య ఉంటే మోస్తరు, 2.5 నుంచి 4 మీటర్లయితే అల్లకల్లోలం, 4 నుంచి 6 మీటర్లయితే తీవ్ర అల్లకల్లోలం. 'మోస్తరు' అనే మాట వినగానే ఫర్వాలేదనిపిస్తుంది. ఆ మాట పడవలో ఉన్నవాళ్ల కోసం పుట్టింది. నడుము లోతులో నిలబడిన మనిషికి 2 మీటర్ల అల మోస్తరు కాదు, తల మీద నుంచి వెళ్తుంది.

గాలి సంగతి ఒక్క మాటలో: వేసవిలో పొద్దున భూమి మీద నుంచి సముద్రం వైపు వీచే పిల్లగాలి, పొద్దెక్కేకొద్దీ దిశ మార్చి సముద్రం నుంచి ఒడ్డుకు కొడుతుంది. మధ్యాహ్నానికి నీళ్లు గజిబిజిగా తయారవుతాయి. సూర్యాపేటలో ఆరింటికి బయల్దేరినవాళ్లు సరిగ్గా ఆ సమయానికే దిగుతారు. ముందు రోజు రాత్రే వెళ్లి ఉదయం దిగడం మేలు.

సర్ఫింగ్ వీడియోలు చూసి వెళ్తున్నారా?

విశాఖ రుషికొండలో సర్ఫింగ్ నేర్పేవాళ్లున్నారు. చెన్నై దగ్గర కోవలం, మహాబలిపురం తీరాల్లో ఇంకా ఎక్కువ. సర్ఫర్లు చూసేది కూడా పైన చెప్పిన అంకెలనే: ఎత్తు, పీరియడ్, దిశ, గాలి, ఆటుపోట్లు. తేడా ఏంటంటే మీరు భయపడాల్సిన పీరియడ్ కోసమే వాళ్లు ఎదురుచూస్తారు.

ఇన్‌స్టాలో కనిపించే నీలిరంగు గొట్టాల్లాంటి అలలు చాలావరకు రీఫ్ బ్రేక్‌లవి. అంటే అడుగున పగడపు దిబ్బో, రాతి పలకో ఉండి, అల ప్రతిసారీ దాదాపు ఒకే చోట విరుగుతుంది. మన దేశంలో పగడపు దిబ్బలు ప్రధానంగా లక్షద్వీప్, అండమాన్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖల్లో ఉన్నాయి. కృష్ణా, గోదావరి తెచ్చిపోసే ఒండ్రు వల్ల మనకు దగ్గరి ఆంధ్ర తీరంలో అడుగంతా ఇసుక, బురదే. మచిలీపట్నం దగ్గరి మంగినపూడిలో అయితే ఇసుక కన్నా నల్లమట్టి ఎక్కువ.

ఇసుకే కదా, రాళ్ల కన్నా నయం అనిపిస్తుంది. కాళ్లకు నయమే. కానీ రాయి కదలదు, ఇసుక కదులుతుంది. ప్రతి పెద్ద స్వెల్‌కీ, ప్రతి తుపానుకీ నీళ్ల కింద మేటలు ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మారతాయి. మేటకీ మేటకీ మధ్య కాలువల్లాంటి లోతులు ఏర్పడతాయి. 'పోయినేడు ఇక్కడే దిగాం, ఏమీ కాలేదు' అన్న ధైర్యం రీఫ్ మీద కొంత పనిచేస్తుందేమో గానీ, ఇసుక తీరంలో పనిచేయదు. పోయినేడు మీరు నిలబడిన మెరక ఇప్పుడు అక్కడ ఉండకపోవచ్చు.

సాగర్ కాల్వలో ఈత వస్తే చాలదా?

మిర్యాలగూడ వైపు చాలామంది ఈత నేర్చింది సాగర్ ఎడమ కాల్వలోనో, వ్యవసాయ బావిలోనో. 'మాకు ఈత వచ్చు' అనే మాట నిజమే. కాల్వలో మీకు తెలిసిన సూత్రం కూడా సరైందే: పారే నీటికి ఎదురీదకూడదు, దానితో పోతూ పక్కకు, గట్టు వైపు జరగాలి. సముద్రంలో చేయాల్సింది కూడా ఇదే. చిక్కేమిటంటే అక్కడ గట్టు ఎటు ఉందో మనసు తప్పుగా చెబుతుంది.

అలలు ఒడ్డుకు తోసిన నీళ్లు తిరిగి వెళ్లాలి కదా. మేటల మధ్య ఉన్న ఆ లోతు కాలువల్లోంచి ఒక్క ధారగా వెళ్లిపోతాయి. దీన్ని రిప్ కరెంట్ అంటారు. కొన్నిసార్లు సెకనుకు 2 మీటర్ల పైన వేగం ఉంటుంది. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురు ఈదలేడు. ఇది మనిషిని కిందకు లాగదు, లోపలికి తీసుకెళ్తుంది. చాలామంది మునిగేది ఒడ్డు కనిపిస్తోంది కదా అని నేరుగా దానివైపే ఈది ఈది, అలసిపోవడం వల్ల. కాల్వ లెక్కలో చెప్పాలంటే వాళ్లు ఎదురీదుతున్నారు. రిప్ కరెంట్‌కి గట్లు ఎడమ, కుడి వైపున ఉంటాయి. అందుకే ముందు వెల్లకిలా తేలాలి, చెయ్యెత్తి పిలవాలి, ఒపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. లాగుడు తగ్గిందనిపించాక, తెల్లటి నురగ విరుగుతున్న వైపు నుంచి ఏటవాలుగా ఒడ్డుకు రావాలి.

రిప్ కరెంట్ కంటికి కనిపిస్తుంది, కానీ మోసం చేస్తూ కనిపిస్తుంది. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక పాయ ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో ఉంటుంది. పిల్లల్ని దింపడానికి అదే బాగుందనిపిస్తుంది. సరిగ్గా దిగకూడని చోటు అదే.

పోర్టుల్లో నంబర్ల అర్థమేంటి?

'నిజాంపట్నం, మచిలీపట్నం పోర్టుల్లో మూడో నంబరు హెచ్చరిక' అని స్క్రోలింగ్ చూస్తుంటారు. మొత్తం 11 నంబర్లు. 1, 2 అంటే సముద్రంలో దూరంగా వాయుగుండమో తుపానో ఉంది. 3, 4 అంటే ఆ పోర్టు దగ్గరే ఈదురుగాలులకు అవకాశముంది. 5, 6, 7 ప్రమాద సూచికలు, 8, 9, 10 తీవ్ర ప్రమాద సూచికలు. 5 కన్నా 7 ఎక్కువ ప్రమాదమనేది అపోహ. తుపాను పోర్టుకు ఏ పక్క నుంచి వెళ్తుందో, లేక దాని మీదుగానే వెళ్తుందో చెప్పే తేడా అది. 11 అంటే హెచ్చరికల కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. పర్యాటకులకు మాత్రం లెక్క సులువు: ఏ నంబరు ఎగిరినా నీళ్లలో పని లేదు.

కార్తీక పౌర్ణమి సముద్ర స్నానాలకు వెళ్లే కుటుంబాలు ఇంకొంచెం జాగ్రత్త పడాలి. పౌర్ణమికి, అమావాస్యకు పోటు మామూలు కన్నా ఎక్కువగా ఉంటుంది. పైగా అది తుపాన్ల కాలం. 2023లో కార్తీక పౌర్ణమి నవంబరు 27న వచ్చింది, ఎనిమిది రోజులకు డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025లో మొంథా అక్టోబరు 28న నరసాపురం దగ్గర దాటితే, ఎనిమిది రోజులకు నవంబరు 5న పౌర్ణమి. తుపాను వెళ్లిపోయిన వారానికి ఆకాశం తేటపడుతుంది గానీ, నీళ్ల కింద కదిలిన ఇసుక ఇంకా సర్దుకుని ఉండదు.

దారి కూడా చూసుకోండి

కోదాడ మీదుగా వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి విజయవాడ దాటి మచిలీపట్నంలోనే ముగుస్తుంది. కానీ నందిగామ దగ్గర ఐతవరం వద్ద మున్నేరు పొంగితే ఆ దారి మూతపడుతుంది. 2023 జులైలో, 2024 సెప్టెంబరు మొదట్లో అదే జరిగింది. 2024లో కోదాడ పట్టణమే నీట మునిగింది. ఆ వాన తెచ్చిన వాయుగుండం తీరం దాటింది ఎక్కడో కళింగపట్నం దగ్గర. మిర్యాలగూడవాళ్లు వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, దాచేపల్లి, పిడుగురాళ్ల మీదుగా బాపట్ల వెళ్లొచ్చు. ఏ దారైనా ఉమ్మడి ఖమ్మం, ఎన్టీఆర్, పల్నాడు జిల్లాల వాన హెచ్చరికలు కూడా ఒకసారి చూడండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు పిడుగుల కోసం 'దామిని' యాప్ పనికొస్తుంది. ఖాళీ బీచ్‌లో అందరికన్నా ఎత్తైన వస్తువు మీరే అవుతారు. ఉరుము వినపడితే అద్దాలు ఎత్తి కారులో కూర్చోండి.

దిగాలా, వద్దా?

ఇది అధికారిక ప్రమాణం కాదు, ఇవన్నీ చదివాక మేం మా ఇంటివాళ్లకు చెప్పే లెక్క. రంగు ఆకుపచ్చ కాకపోతే నీళ్లలోకి దిగొద్దు, ఇసుక మీదే ఉండండి. ఆకుపచ్చే అయినా పీరియడ్ 12 సెకన్లు దాటితే పెద్దలు మోకాలు లోతు వరకే, పిల్లలు అసలొద్దు. ఆకుపచ్చ, పీరియడ్ తక్కువ, గాలి తక్కువ అయినా, లైఫ్‌గార్డు లేదా మెరైన్ పోలీసు కనిపించే చోటే దిగండి. వాళ్లు విజిల్ వేస్తే గొడవపడకుండా బయటికి రండి. బీచ్‌లోకి రావద్దని పోలీసులు తాడు కడితే, పక్క తోటల్లోంచి దారి వెతక్కండి. మద్యం తాగినవాళ్లను నీళ్లకు దూరంగా కూర్చోబెట్టే బాధ్యత గుంపులో ఒకరు ముందే తీసుకోవాలి.

ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంటనే దూకకండి. ఒకర్ని కాపాడబోయి ఇద్దరు, ముగ్గురు పోవడం ఇలాంటి వార్తల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్, కారు ట్యూబ్, తాడు, ఏది దొరికితే అది విసరండి. ఒకరు ఆ మనిషి మీద నుంచి చూపు తిప్పకుండా వేలు చూపిస్తూ నిలబడాలి. ఇంకొకరు ఫోన్ చేయాలి. 112 అన్నిటికీ పనిచేస్తుంది. 1093 మెరైన్ పోలీసులది, 1554 కోస్ట్‌గార్డ్‌ది, అంబులెన్స్‌కు 108. ఫోన్‌లో 'బీచ్ దగ్గర' అంటే సరిపోదు. బీచ్ పేరు, దగ్గర్లో కనిపించే గుడి, రిసార్ట్ లేదా లైట్‌హౌస్ పేరు, వెళ్లిన దారి చెప్పండి. ఆ వివరాలు దిగేముందే గ్రూప్‌లో ఒక మెసేజ్‌గా పెట్టుకుంటే, ఆ కంగారులో వెతుక్కునే పని తప్పుతుంది.